హెలెన్ కెల్లరు కళాశాలా ప్రవేశము

విద్యార్థులారా! పరీక్షాశాలలో ప్రశ్నపత్రము చేతికి వచ్చు క్షణము మీకందరకును తెలిసినదే. గుండె కొంత వేగముగా కొట్టుకొనును. ప్రశ్నలు కఠినముగా నుండవచ్చును, సులభముగా నుండవచ్చును. కాని కాగితముపై కన్ను వేసినంతనే ప్రశ్న యేమో మనకు తెలియును. ఆ తరువాతనే కదా ఉత్తరము సంగతి! ప్రశ్న యేమో తెలిసికొనుటయే మొదటి పరీక్షయైన ఒక బాలిక కథ ఇది.

హెలెన్ కెల్లరు పేరు మీరు వినియే యుందురు. ఆమె 1880వ సంవత్సరము జూన్ 27వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అలబామా రాష్ట్రమందు టస్కంబియా అను చిన్న పట్టణమున జన్మించెను. పందొమ్మిది నెలల ప్రాయమున వచ్చిన జబ్బు వలన ఆమెకు చూపును, వినికిడియు పోయినవి. 1887 మార్చి 3వ తేదీన ఆనీ సలివన్ అను ఇరువది యేండ్ల యువతి ఆమెకు ఉపాధ్యాయినిగా వచ్చెను. ఒక్కొక్క అక్షరమునకు వ్రేళ్ళను ఒక్కొక్క విధముగా మడచి, ఆ గుర్తును హెలెను అరచేతిలో నుంచి, ఆమె మాటలు నేర్పెను. చేతిపంపు నీటి ధార క్రింద ఆ బాలిక ‘నీరు’ అను మాటను కనుగొన్న కథ పలుమారులు చెప్పబడినది. దానిని మరల చెప్పను. ఆ బాలికయే పెరిగి పెద్దదై, ఒక పెద్ద మహిళా కళాశాలలో ప్రవేశము కోరిన కథ అంతగా ప్రచారములోనికి రాలేదు. నా మట్టుకు నాకు చేతిపంపు కథ కంటె ఇదియే యెక్కువ నచ్చును.

చిన్ననాడొకసారి హెలెను వెల్లెస్లీ మహిళా కళాశాలను చూడబోయెను. పెద్దదానినైన పిమ్మట తానును కళాశాలకు పోవుదుననియు, అయితే హార్వర్డునకే పోవుదుననియు అందరి యెదుట ప్రకటించెను. వెల్లెస్లీకి ఏల పోవని అడుగగా, ఇక్కడ బాలికలు తప్ప మరెవ్వరును లేరని బదులు చెప్పెను. పిల్లమాటలకు పెద్దలు నవ్విరి. 1636లో స్థాపింపబడిన హార్వర్డులో ఆనాడు స్త్రీలకు ప్రవేశమే లేదు. అయితే హార్వర్డు ఆచార్యులే వచ్చి స్త్రీలకు పాఠములు చెప్పు ఏర్పాటొకటి 1879లో ఆ కేంబ్రిడ్జి పట్టణముననే మొదలైయుండెను. అది 1894లో రాడ్‌క్లిఫ్ కళాశాల అను పేరు దాల్చినది. 1643లో హార్వర్డునకు మొట్టమొదటి విద్యార్థివేతన నిధి నిచ్చిన ఆన్ రాడ్‌క్లిఫ్ అను ఆంగ్లవనిత పేరే దానికి పెట్టబడినది. ఒక స్త్రీ యిచ్చిన ధనముతో రెండున్నర శతాబ్దములు పురుషులు చదువుకొనిరి; స్త్రీలకు తలుపు తెరచునప్పటికి ఆమె పేరు జ్ఞప్తికి వచ్చినది!

అట్టి కళాశాలలను అమెరికావారు లిబరల్ ఆర్ట్స్ కళాశాలలందురు. అవి ఏదో ఒక వృత్తికి మాత్రమే తర్ఫీదు నిచ్చునవి కావు. ప్రాచీన భాషలు, ఆధునిక భాషలు, సాహిత్యము, చరిత్ర, తత్త్వశాస్త్రము, గణితము, ప్రకృతి శాస్త్రములు కలిపి బోధించి, మనస్సును నలుదిక్కులకు విప్పుట వాటి ఉద్దేశము. వాటిలో రాడ్‌క్లిఫ్ ప్రవేశ పరీక్ష మిక్కిలి కఠినమైనది. మొత్తము పదునారు గంటల పరీక్షలో ఉత్తీర్ణత పొందవలెను. అందు పండ్రెండు గంటలు ప్రాథమికస్థాయివి, నాలుగు గంటలు ఉన్నతస్థాయివి. ఒక విడతలో కనీసము ఐదు గంటల పరీక్షలైనను నెగ్గనిచో నెగ్గినవియు లెక్కకు రావు. ఉదయము తొమ్మిది గంటలకు హార్వర్డులో ప్రశ్నపత్రములు వెలువడగానే ప్రత్యేక దూత వాటిని రాడ్‌క్లిఫ్‌నకు కొనివచ్చును. అభ్యర్థులకు పేర్లుండవు, సంఖ్యలే యుండును. హెలెనునకు వచ్చిన సంఖ్య 233. కాని ఆమె చేతితో వ్రాయదు, టైపు యంత్రముతో వ్రాయును. ఆ పరీక్షలో టైపు చేసిన ఉత్తరపత్రము మరెవ్వరిదగును? కాబట్టి ఆ సంఖ్య ఆమెను దాచలేకపోయినది.

ఈ పరీక్షకు సిద్ధపడుటకై 1896 అక్టోబరులో ఆమె కేంబ్రిడ్జి బాలికల పాఠశాలలో చేరెను. ఆ యేడే ఆగస్టులో ఆమె తండ్రి మరణించియుండెను. కుటుంబము సంపన్నమైనది కాదు. ప్రసిద్ధ హాస్యరచయిత మార్కు ట్వేను తన మిత్రుడగు రోజర్సు అను ధనవంతుని భార్యకు జాబు వ్రాసి, ఈ బాలిక చదువు ధనము లేక ఆగిపోరాదని కోరెను. సహాయము లభించినది.

ధనము లభించినను చదువు సులభము కాలేదు. అంతవరకు హెలెను వినికిడి లేని పిల్లల నడుమనో, ఒంటరిగా గురువు కడనో చదివినది. ఇప్పుడు చూపును, వినికిడియు గల బాలికల నడుమ కూర్చుండవలసి వచ్చెను. ఆనీ సలివన్ ప్రతి తరగతిలోను ప్రక్కనే కూర్చుండి, ఉపాధ్యాయుల ప్రతి మాటను ఆమె అరచేతిలో వ్రేళ్ళతో పలుకుచుండెను. ఇంటికి వచ్చిన పిదప ఉబ్బెత్తు అక్షరములలో దొరకని పుస్తకములన్నింటిని చదివి చెప్పుచుండెను. నిఘంటువులో మాటలు వెదకుట కూడ ఆమె పనియే. ఆ సలివన్ చిన్ననాడు కంటిజబ్బు వలన ఇంచుమించు చూపు కోల్పోయి, శస్త్రచికిత్సల వలన కొంత చూపు తిరిగి పొందిన మనిషి యని గుర్తుంచుకొనుడు. లండను, ఫిలడెల్ఫియా నగరములలోని మిత్రులు పాఠ్యపుస్తకములను ఉబ్బెత్తు అక్షరములలో సిద్ధము చేయించి పంపుచుండిరి. కాని అవి పాఠము వేళకు అందుట అరుదు. ఆ పాఠశాలలో జర్మను భాష చెప్పు ఉపాధ్యాయినియు, ప్రధానోపాధ్యాయుడు గిల్మనుగారును వ్రేళ్ళ అక్షరములు నేర్చుకొనిరి. ఆ జర్మను ఉపాధ్యాయినికి ఆ విద్య మందముగానే వచ్చినది. అయినను సలివన్ వ్రేళ్ళకు కొంత విశ్రాంతి దొరకునని వారమునకు రెండుసార్లు ఓపికతో తానే హెలెను చేతిలో పాఠము చెప్పెడిది.

1897 జూన్ 29వ తేదీ మొదలు జూలై 3వ తేదీ వరకు హెలెను మొదటి విడత పరీక్షలు వ్రాసెను. జర్మను, ఫ్రెంచి, లాటిను, ఇంగ్లీషు, గ్రీకు రోమను చరిత్రలు, మొత్తము తొమ్మిది గంటల పరీక్ష. టైపు యంత్రపు చప్పుడు తక్కిన బాలికలకు అడ్డగునని ఆమెను వేరు గదిలో కూర్చుండబెట్టిరి. తలుపు వద్ద కాపలా నుంచిరి. గిల్మనుగారు ప్రశ్నపత్రమును ఆమె చేతిలో వ్రేళ్ళతో ఒకసారి మొత్తము చదివి, మరల ఒక్కొక్క వాక్యముగా చదివెను. సరిగా గ్రహించినది లేనిది తెలియుటకై ఆమె ప్రతి మాటను పైకి పలుకుచుండెను. వ్రాసిన ఉత్తరములను ఆయన తిరిగి ఆమె చేతిలో చదివి, ఆమె చెప్పిన దిద్దుబాట్లు చేసెను. ఫలితములు వచ్చినవి. ఆమె అన్నింటను నెగ్గెను. జర్మను, ఇంగ్లీషులలో విశేష ప్రశంసయు లభించెను.

రెండవ యేడు గణితము వచ్చినది. అసలు చిక్కులు అప్పుడే మొదలైనవి. రేఖాగణితమును ఉపాధ్యాయుడు నల్లబల్లపై గీతలు గీసి చెప్పును. ఆ గీతలు హెలెనునకు ఎట్లు తెలియును? ఒక దిండుపై తిన్నని తీగెలను, వంపు తీగెలను గ్రుచ్చి త్రిభుజములను, వృత్తములను తయారు చేసికొని, వాటిని వ్రేళ్ళతో తడిమి చూచుకొనవలసి వచ్చెను. ఏ భుజము పేరేమో, ఏ కోణము పేరేమో, దత్తాంశమేమో, సాధింపవలసినదేమో అంతయు మనస్సులోనే మోయవలెను. మీరొకసారి కన్నులు మూసికొని ఒక సిద్ధాంతమును మొదటినుండి చివరివరకు సాధించి చూడుడు. ఆ బరువెంతటిదో తెలియును.

పని మితిమీరి ఆమె ఆరోగ్యము చెడుచున్నదని గిల్మనుగారు భావించిరి. నవంబరులో ఆమె కొంచెము అస్వస్థురాలు కాగానే పాఠములు తగ్గించిరి. ఆ తగ్గింపుతో ఆమె తన తోడివారితో కలిసి తుది పరీక్షకు కూర్చుండుట అసాధ్యమగును. సలివన్ అందుకు ఒప్పుకొనలేదు. ఇరువురును హెలెను మేలు కోరినవారే. స్త్రీల చదువునకై ఆ కేంబ్రిడ్జిలో మొదటి ప్రయత్నము చేసినవారిలో గిల్మనుగారొకరు. అయినను మేలు అనునది ఇరువురకు రెండు విధములుగా తోచినది. తుదకు హెలెను తల్లి వచ్చి ఆమెను ఆ పాఠశాల నుండి మాన్పించెను. అటుపిమ్మట కీత్ అను ఉపాధ్యాయుడు ఆమెకు ప్రత్యేకముగా బోధించెను. బోస్టను నగరమునకు ఇరువదియైదు మైళ్ళ దూరముననున్న రెంథమ్ గ్రామమునకు వారమునకు రెండుసార్లు వచ్చెడివాడు. 1898 అక్టోబరు నుండి బోస్టనులో వారమునకు ఐదుమార్లు పాఠము చెప్పెను. తరగతిలో పరుగెత్తు పాఠమును వెంబడించుట కంటె, ఒంటరిగా తీరికగా నేర్చుకొనుట ఆమెకు సుఖముగా నుండెను. అంతవరకు విసుగు పుట్టించిన బీజగణితము కూడ ఆయన చేతిలో సరళమైనది.

1899 జూన్ 29, 30 తేదీలలో తుది పరీక్షలు వచ్చినవి. మొదటి దినమున ప్రాథమిక గ్రీకు, ఉన్నత లాటిను. రెండవ దినమున రేఖాగణితము, బీజగణితము, ఉన్నత గ్రీకు. ఈసారి కళాశాలవారు ఒక నిబంధన పెట్టిరి. సలివన్ ప్రశ్నపత్రము చదువరాదు. ఆ శిష్యురాలి విద్యలో గురువు పాలెంతయో అను శంక ఆనాడు కొందరికి ఉండెను. ఆ శంకకు తావు లేకుండ చేయుట హెలెనునకును మేలే. అంధుల పాఠశాలలో ఉపాధ్యాయుడగు వైనింగుగారు ప్రశ్నలను అమెరికను బ్రెయిలీ లిపిలో ఎత్తి వ్రాసి యిచ్చుటకు నియమింపబడెను. ఆయన హెలెనునకు పరిచితుడు కాడు. వ్రేళ్ళ అక్షరములు ఎరుగడు. బ్రెయిలీలో వ్రాసి చూపుట తప్ప ఆమెతో మాటలాడుటకు ఆయనకు వేరు దారి లేదు. పరీక్షాశాల పర్యవేక్షకుడును అపరిచితుడే.

బ్రెయిలీ లిపి యనగా ఆరు చుక్కల కూర్పులతో ఏర్పడిన ఉబ్బెత్తు లిపి. ఫ్రాన్సు దేశస్థుడు, తానును అంధుడు అగు లూయీ బ్రెయిలీ దానిని కల్పించెను. ఆనాడు ఇంగ్లీషు భాషకు ఇట్టి చుక్కల లిపులు మూడు వాడుకలో నుండెను: ఇంగ్లీషు బ్రెయిలీ, అమెరికను బ్రెయిలీ, న్యూయార్కు పాయింటు. కథలు, వ్యాసములు చదువుట వరకు హెలెనునకు మూడును వచ్చును. కాని గణిత చిహ్నములు ఒక్కొక్క లిపిలో ఒక్కొక్క తీరుగా నుండును. బీజగణితమును ఆమె ఇంగ్లీషు బ్రెయిలీలో మాత్రమే నేర్చియుండెను.

పరీక్షకు రెండు దినములు ముందు వైనింగుగారు పాత హార్వర్డు బీజగణిత ప్రశ్నపత్ర మొకదానిని బ్రెయిలీలో వ్రాసి పంపెను. హెలెను దానిని తడిమి చూచెను. అన్నియు అమెరికను చిహ్నములే! ఆమె నిర్ఘాంతపోయెను. వెంటనే జాబు వ్రాసి, ఆ గుర్తుల అర్థము తెలుపుమని కోరెను. మరుటపాలో మరియొక ప్రశ్నపత్రమును, చిహ్నముల పట్టికయు వచ్చినవి. ఆమె వాటిని ముందుంచుకొని నేర్చుకొన మొదలిడెను. పరీక్ష ముందటి రాత్రి వరకును ఏది చతురస్ర కుండలీకరణమో, ఏది వంకర కుండలీకరణమో, ఏది మూలచిహ్నమో, అవి కలిసి వచ్చినచోట ఆమెకు తేలలేదు. కీత్‌గారును కలవరపడెను. మరునాడు పరీక్షకు కొంచెము ముందుగా కళాశాలకు పోయి, వైనింగుగారి చేత ఆ చిహ్నములను మరికొంత వివరింపజేసికొనిరి. తెలుగు అంకెలతోనే లెక్కలు నేర్చిన బాలునికి పరీక్షనాడు రోమను అంకెలతో భిన్నములు ఇచ్చినట్లున్నది ఆమె స్థితి.

రేఖాగణితమున ప్రశ్న వ్రేళ్ళ క్రిందనే యున్నను మనస్సున నిలువలేదు. అంతవరకు సిద్ధాంతములను ఉబ్బెత్తు అచ్చులోనో, అరచేతిలోనో చదువుట ఆమెకు అలవాటు. ఈ చుక్కలు ఆమెను తికమక పెట్టినవి. బీజగణితము మరియు కష్టమైనది. ముందునాడు నేర్చిన గుర్తులు తెలిసినట్లే యుండి తప్పించుకొనుచుండెను. పైగా టైపు చేసినదానిని తాను చూచుకొనలేదు. కీత్‌గారు ఆమె మనోగణన శక్తిని నమ్ముకొని, పరీక్షాపత్రము వ్రాయు అభ్యాసమును తగినంతగా కలిగింపలేదు. ఒక్కొక్క ప్రశ్నను మరల మరల తడుముచు, అడిగినదేమో తెలిసిన తరువాతనే సాధన మొదలిడుచు, ఆమె మెల్లగా వ్రాసెను. తక్కినవారికిని ఆమెకును గడియారము ఒక్కటే.

ఆమె నెగ్గెను. జూలైలో ప్రవేశార్హత పత్రము చేతికి వచ్చినది.

ఆ కళాశాల అధికారులను నిందించుట మనకిపుడు సులభము. హెలెను మాత్రము నిందింపలేదు. తమ నిబంధన తనకెంత కష్టము కలిగించినదో వారెరుగరనియే తరువాత తన ఆత్మకథలో వ్రాసినది. ఆ మాట నిజమే యని నాకును తోచును. అందరికిని ఒకే ప్రశ్నపత్రము, ఒకే కాలము, ఒకే నియమము ఇచ్చితిమని వారు తృప్తిపడియుందురు. ఆ ప్రశ్నపత్రము ఒక అభ్యర్థికి మాత్రము రాని గుర్తులలో చేరినదని వారికి తట్టలేదు.

అర్హత వచ్చినది గదా, ఇక కళాశాలలో చేరుటయే తరువాయి యని మీరనుకొందురు. అట్లు కాలేదు. పెద్దలు కొందరు మరియొక యేడు ఇంటివద్ద చదువుట మేలనిరి. ఆమె అట్లే చదివెను. కళాశాలవారు కూడ ఆమెను చేర్చుకొనుటకు ఉత్సాహము చూపలేదు. అపుడు, 1900 మే 5వ తేదీన, ఆమె రాడ్‌క్లిఫ్ విద్యామండలి అధ్యక్షునకు ఒక దరఖాస్తు వ్రాసెను. దరఖాస్తు ఎట్లుండవలెనో తెలియగోరువారు ఆ జాబును తప్పక చూడవలెను.

అందు కన్నీరు లేదు, పొగడ్త లేదు. తాను ప్రవేశార్హత పొందిన సంగతియు, ఆ యేడాదిలో హొరేసు, ఈస్కిలసుల గ్రంథములు, ఫ్రెంచి, జర్మను, ఇంగ్లీషు చరిత్ర, సాహిత్యము మొదలగునవి చదివిన సంగతియు మొదట తెలిపినది. పిమ్మట తనకు కావలసిన సౌకర్యములను సూటిగా చెప్పినది. తరగతిలో తన ప్రక్కన సలివన్ గాని, కొన్ని పాఠములకు మరియొకరు గాని ఉండవలెను. ప్రశ్నపత్రములు చదివి చెప్పువారు కావలెను. వ్రాతపని యంతయు టైపు యంత్రముతో చేయును. తన ఉచ్చారణ ఆచార్యులకు తెలియనిచో ఉత్తరములను వ్రాసి అందజేయును. ఇంతే. తక్కువ పాఠములు అడుగలేదు. సులభమైన పరీక్ష అడుగలేదు. ఇట్టి పరిస్థితి కళాశాలకు మునుపెన్నడును ఎదురుకాలేదని తానే ఒప్పుకొని, అందుకు తగినట్లు కళాశాల తన్ను తాను సర్దుకొనగలదా యని ప్రశ్నించినది. యుద్ధము జరుగక మునుపే ఓటమిని అంగీకరించు సైనికుడను కానను భావముతో జాబు ముగించినది.

ప్రత్యుత్తరము ఆలస్యమైనది. జూన్ నెల వచ్చినను నిర్ణయము తెలియలేదు. ఈలోగా కార్నెల్ విశ్వవిద్యాలయమువారును, చికాగో విశ్వవిద్యాలయమువారును ఆమెకు తగిన ఏర్పాట్లు చేయుదుమని ఆహ్వానించిరి. తలుపు తెరచి పిలుచు ఇల్లు రెండుండగా, తెరవని తలుపు వద్ద ఏల నిలువవలెను? ఆమె కారణమొకటి చెప్పినది. మరియొక కళాశాలకు పోయినచో, రాడ్‌క్లిఫ్ పరీక్షలో తాను సరిగా నెగ్గలేదని లోకులనుకొందురు. చాలకాలమునకు అధ్యక్షుడు వుడ్రో విల్సను ఇదే ప్రశ్న అడుగగా, రాడ్‌క్లిఫ్‌వారికి తాను అక్కరలేకపోయినందుననే అక్కడికి పోతినని చమత్కారముగా చెప్పెనట. ఇందు కొంత మొండితనము లేకపోలేదు; ఆమెయే దానిని దాచలేదు.

తుదకు అనుమతి వచ్చినది. 1900 సంవత్సరపు శరత్కాలమున హెలెను రాడ్‌క్లిఫ్‌లో చేరెను. మొదటి సంవత్సరపు విద్యార్థినులు ఆమెను తమ తరగతి ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. తరగతిలో ఆచార్యుని ఉపన్యాసము ఆమె అరచేతిలోనికి పరుగెత్తి వచ్చుచుండెను. ఆ సమయమున వ్రాసికొనుటకు వీలులేదు. ఇల్లు చేరిన తరువాత జ్ఞప్తియందున్నంత వరకు వ్రాసికొనెడిది. ఆమె వాడిన హామండు టైపు యంత్రమునకు అక్షరముల పట్టీలు మార్చుకొను వీలు కలదు. ఒకటి గ్రీకునకు, ఒకటి ఫ్రెంచికి, ఒకటి గణిత చిహ్నములకు. ఆ యంత్రమే లేకున్న తన కళాశాల చదువు సాగెడిదా యని ఆమె సందేహించినది. చదువుచుండగనే తన ఆత్మకథను వ్రాసి 1903లో ప్రకటించెను. 1904లో ప్రశంసతో పట్టము పొందెను. చూపును, వినికిడియు లేనివారిలో బి.ఏ. పట్టము పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. నాలుగేండ్లు అదే తరగతులలో కూర్చుండి ప్రతి మాటను విని ఆమె చేతికందించిన సలివన్‌కు మాత్రము కళాశాల ఏ పట్టమును ఇయ్యలేదు. విద్యార్థినిగా ఆమె పేరు నమోదు కాలేదు గదా!

రాడ్‌క్లిఫ్ కళాశాల 1999లో హార్వర్డునందు లీనమైనది. హెలెను చిన్ననాడు కోరిన ఆ విశ్వవిద్యాలయమున నేడు స్త్రీలు, పురుషులు కలిసి చదువుచున్నారు. ఆమెను తొందరపెట్టిన ఆ చుక్కల లిపుల గందరగోళము తీరుటకు మాత్రము చాలకాలము పట్టినది. 1932లో ఇంగ్లండు, అమెరికాలు ఒకే ఇంగ్లీషు బ్రెయిలీకి అంగీకరించినవి. అంధుడగు గణితవేత్త ఏబ్రహాము నెమెత్ కూర్చిన గణిత చిహ్నములు 1952లో అమెరికాలో ఆమోదము పొందినవి. మన దేశమునను మునుపు పలు పద్ధతులుండెను. 1951లో భారతీయ భాషలన్నింటికిని ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ ఏర్పడినది. తెలుగు అక్షరములకును అందు చుక్కలు కలవు. 1955లో, తన డెబ్బదినాలుగవ యేట, హెలెన్ కెల్లరు భారతదేశమునకు విచ్చేసినపుడు, మన పిల్లలు కొందరు ఆ చుక్కలతో చదువ నేర్చుకొనుచుండిరి.